పాత లంబోర్గిని ఉరుస్ కారు కొంటే ధర నిలుస్తుందా? – సమాధానం

తాడిపత్రి మిత్రులకు నమస్కారం. బెంగళూరులో లంబోర్గిని కంపెనీ ఖరీదైన ఎస్‌యూవీ అయిన ఉరుస్‌ను, పాతదాన్ని, చూశారని, కంపెనీ ఏటికేడు ఎక్కువ బండ్లు అమ్ముతున్నందున రేపు మళ్లీ అమ్మేటప్పుడు ధర నిలుస్తుందా అని అడిగారు.

మీ అనుమానం సబబే. 2017లో ప్రపంచమంతటా 3,815 కార్లు అమ్మిన ఆ సంస్థ, ఆ ఏడాది చివర్లో ఉరుస్‌ను ఆవిష్కరించి, 2019లో 8,205కు, 2023లో 10,112కు చేరింది. అందులో సగానికి పైగా ఉరుస్‌లే. ఆడీ క్యూ7, పోర్షే కయెన్‌ల ప్లాట్‌ఫాంనే (బండికి పునాది లాంటి అడుగు నిర్మాణం) వాడుకోవడం ఇందుకు బాగా కలిసివచ్చింది. పోటీ సంస్థ ఫెరారీ మాత్రం ఉరుస్ లాంటిదే అయిన తన పురోసాంగ్వేను మొత్తం అమ్మకాల్లో 20 శాతం దాటనివ్వబోమని చెప్పింది. ఇన్ని అమ్ముడయ్యే ఉరుస్ అరుదైన బండి కాదు కనుక దాచిపెడితే ధర పెరుగుతుందన్న ఆశతో ఉరుస్‌ను కొనకండి. తిరగడానికైతే నిక్షేపంగా కొనండి.

అనంతపురంలో మా మిత్రుడొకరు తెచ్చిన స్పోర్ట్స్ కారు కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనుకుని ఆగిపోతే, చక్రాల కింద నాపరాళ్లు పరచి దాటించవలసి వచ్చింది (అవి మీ ఊరివే!). ఉరుస్‌కు ఎయిర్ సస్పెన్షన్ ఉంది కాబట్టి ఎత్తు పెంచుకోవచ్చు.

బేరమాడే ముందు కర్ణాటక ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) సంగతి, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ లెక్కలో వేసుకోండి. ఉరుస్‌కు ఉండే కార్బన్ సిరామిక్ బ్రేక్ డిస్కులు మార్చాలంటే చాలా ఖర్చవుతుంది కాబట్టి, వాటి అరుగుదలను సర్వీస్ సెంటర్‌లో కొలిపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.