పన్ను పీకాలన్నారు, ఎవరి దగ్గరికి పోవాలి?

మునుగోడు నుంచి మాస్టర్స్ కోసం అమెరికా వచ్చిన ఒక తమ్ముడి సందేహం ఇది: "అన్నా, దవడ పన్ను పీకాలని డెంటిస్ట్ చెప్పాడు. కానీ ఆయన పీకడట, ఓరల్ సర్జన్ (నోరు, దవడ ఆపరేషన్లు చేసే డాక్టర్) దగ్గరికి పొమ్మంటున్నాడు. డబ్బులు గుంజడానికేనా? డిసెంబర్‌లో నల్లగొండ పోయినప్పుడు తీయించుకోనా?"

డబ్బుల కోసమే అని తొందరపడి అనుకోకు తమ్ముడూ. పన్ను పూర్తిగా బయటికి వచ్చి, వేర్లు తిన్నగా ఉంటే మామూలు డెంటిస్టే పీకేస్తారు. జ్ఞానదంతం ఎముకలో ఇరుక్కున్నా, వేర్లు వంకర తిరిగినా, కింది దవడ నరానికో పై దవడ మీదుండే సైనస్‌కో (ముక్కు పక్కన ఎముకలో ఉండే గాలి గది) ఆనుకుని ఉన్నా అది సర్జన్ పని. డెంటల్ డిగ్రీ అయ్యాక వాళ్లు ఆసుపత్రిలో కనీసం 4 ఏళ్లు శిక్షణ తీసుకుంటారు. సగం పీకి, వేరు విరిగాక పంపేవాడికంటే ముందే పంపేవాడు నయం. నొప్పి ఎంతుందన్నది కాదు, ఎక్స్‌రేలో వేరు ఎట్లా ఉందన్నదే ఎవరు పీకాలో తేలుస్తుంది. ఆ ఎక్స్‌రే నీకు చూపించి చెప్పమను. రూట్ కెనాల్‌తో పన్ను నిలుస్తుందా అని కూడా అప్పుడే అడుగు.

ఇక ఖర్చు. బిల్లులో ఏ కోడ్ వేస్తారో ముందే రాయించుకో. డీ7140 అంటే మామూలుగా పీకడం. డీ7210 అంటే ఎముక తొలిచో పన్ను ముక్కలు చేసో తీయడం. డీ7240 అంటే పూర్తిగా ఎముకలో ఉన్న పన్ను. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ రేటు పెరుగుతుంది. ఆ కోడ్‌తో ఇన్సూరెన్స్ వాళ్లను ముందస్తు లెక్క అడగొచ్చు. ఇక్కడ మెడికల్ ఇన్సూరెన్స్ వేరు, డెంటల్ ఇన్సూరెన్స్ వేరు. చాలా డెంటల్ ప్లాన్లు ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల దగ్గర ఆగిపోతాయి. కొన్ని ప్లాన్లలో పెద్ద పనులకు నెలల తరబడి వెయిటింగ్ కూడా ఉంటుంది. ఇన్సూరెన్స్ లేకపోతే దగ్గర్లోని డెంటల్ కాలేజీని చూడు. టైం ఎక్కువ పడుతుంది, రేటు తక్కువ. ఎమర్జెన్సీకి పోతే సాధారణంగా మాత్రలు రాసి పంపిస్తారు, పన్ను పీకరు. కానీ దవడ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా టెన్షన్ పడుతూ కూర్చోకు, వెంటనే పో.

మనవాళ్లకు ఇంకో సంగతి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల గార పళ్లు, అంటే ఫ్లోరైడ్‌తో గోధుమ మచ్చలు పడ్డ పళ్లు, ఇక్కడి డెంటిస్టులకు అంతగా పరిచయం ఉండవు. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగానని మొదటి రోజే చెప్పు. ఆ గోధుమ మచ్చ పుచ్చు కాదు, పన్ను పీకడానికి అది కారణం కానే కాదు. మచ్చ కనబడకుండా వెనీర్లు (పంటి ముందు అతికించే పలుచని పొరలు) వేయించుకోవడం అందం కోసం చేసే పని, ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు. మచ్చ పన్నులోనూ పుచ్చు రావచ్చనుకో, అది వేరే పరీక్ష.

ఇంటికి పోయి తీయించుకోవడం తప్పేమీ కాదు. నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీలున్నాయి. బోర్డు మీద ఉత్త బీడీఎస్ (పళ్ల డాక్టర్ మొదటి డిగ్రీ) ఉందా, ఓరల్ సర్జరీలో ఎండీఎస్ (ఆ పైన చేసే పీజీ) ఉందా చూసుకో. ఇరుక్కున్న పన్నుకు రెండోదే కావాలి. ఇక్కడి క్లినిక్‌ నుంచి ఎక్స్‌రే ఫైల్ ఈమెయిల్‌లో తెప్పించుకుని తీసుకుపో. ఊరికి చేరిన మొదటి వారంలోనే పీకించుకో, తిరుగు ప్రయాణం ముందు రోజులకు పెట్టుకోకు. పీకిన మూడో నాలుగో రోజున గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి భరించలేని నొప్పి రావచ్చు. విమానంలో ఆ నొప్పి చూసేవాడు ఎవడూ ఉండడు. పీకించుకున్నాక సిగరెట్ అసలు వద్దు, స్ట్రాతో తాగడం కూడా వద్దు.

అమ్మానాన్నలు ఇక్కడికి వస్తుంటే పళ్లు అక్కడే చూపించుకుని రమ్మను. విజిటర్ ఇన్సూరెన్సులు హఠాత్తుగా వచ్చిన పంటి నొప్పికి కొద్ది మొత్తమే ఇస్తాయి. నాన్నకు షుగరున్నా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా ఆ సంగతి డెంటిస్ట్‌కు ముందే చెప్పాలి. మాత్ర ఆపాలా వద్దా అన్నది మాత్రం గుండె డాక్టరే చెప్పాలి.