సమాధానం: పాత ల్యాప్‌టాప్‌కి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి?

అన్నా, చీమకుర్తి గ్రానైట్ లెక్కలకు ట్యాలీ, ఇంట్లో పాపకు వీడియో పాఠాలు, రెండింటికీ ఒకే 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్, విండోస్ 11 ఎక్కడం లేదు అన్నారు కదా. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, పాత మోడళ్లలో చాలావాటికి అది లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి.

పాఠాలకైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఓఎస్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి, తేలిక, ఉచితం. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, ప్రింటర్ సంగతి అక్కడే తేలిపోతుంది. (ఒంగోలులో మా షాపు ప్రింటర్ మొదటిరోజు మొండికేసింది లెండి.)

చిక్కంతా ట్యాలీతోనే. అది విండోస్ కోసం చేసింది. వైన్‌తో (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్‌లో నడిపిద్దామని పోయి, జీఎస్టీ గడువు ముందు టెన్షన్ పడొద్దు. లెక్కలకు విండోస్ 11 నడిచే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ఒకటి చూసుకోండి. ఏం చేసినా, ట్యాలీ డేటా బ్యాకప్ ముందే తీయండి.