కాన్సర్ విరాళంలో ఎలుకల ప్రయోగాల వాటా: ఆపేయాలా, మార్చాలా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. మా అమ్మ రొమ్ము కాన్సర్‌తో పోయినప్పటి నుంచి కాన్సర్ రీసెర్చ్ యూకేకి నెలకు 40 పౌండ్లు డైరెక్ట్ డెబిట్‌లో ఇస్తున్నాను. నేను కట్టే పన్నులో కొంత చారిటీ ప్రభుత్వం నుంచి తెచ్చుకునే గిఫ్ట్ ఎయిడ్‌కు టిక్ పెట్టాను. ఈ మార్చిలో అమ్మ సంవత్సరీకానికి మరో 1,500 ఇద్దామనుకున్నాం. అందులో 300 స్నేహితులు చేతికిచ్చినవి. ఈలోగా ఆ సంస్థ ఎలుకల మీద ప్రయోగాలకు కూడా డబ్బిస్తుందని మా అమ్మాయి చెప్పింది. ఒక్క పౌండు కూడా ఇవ్వొద్దని మా ఆవిడ పట్టుబడుతోంది. పెన్షన్ పోగా నా జీతం 62,000. ఇద్దరు పిల్లలకు చైల్డ్ బెనిఫిట్ వస్తుంది. ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటోంది. ఆపేస్తే పన్నులో నష్టపోతామా? 'జంతు ప్రయోగాలకు వాడొద్దు' అని రాసిచ్చి ఇస్తే సరిపోతుందా? లేక హైదరాబాద్‌లో ఏదైనా ఆసుపత్రికి పంపమంటారా? నాకు బ్రిటిష్ పాస్‌పోర్టు, ఆవిడకు ఇండియన్ పాస్‌పోర్టు.

సలహా: మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ సంస్థ కూడా దాన్ని దాచిపెట్టదు. జంతువులతో చేసే పరిశోధనకు నిధులిస్తామని, వాటిలో ఎక్కువ ఎలుకలేనని బహిరంగంగానే చెబుతుంది. గుండె జబ్బుల పరిశోధనకు డబ్బిచ్చే బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌దీ అదే దారి. ఇదంతా చట్టం లోపలే జరుగుతుంది. 1986 నాటి జంతు ప్రయోగాల చట్టం ప్రకారం ప్రయోగశాలకు ఒకటి, ప్రాజెక్టుకు ఒకటి, ప్రయోగం చేసే మనిషికి ఒకటి, మొత్తం మూడు లైసెన్సులు ఉంటేనే జంతువు మీద చెయ్యి వెయ్యాలి. 2023లో గ్రేట్ బ్రిటన్‌లో ఇలాంటి ప్రక్రియలు సుమారు 26.8 లక్షలు నమోదయ్యాయి. వాటి వెనక చారిటీల డబ్బే కాదు, ప్రభుత్వ నిధులు, మందుల కంపెనీల పెట్టుబడి కూడా ఉన్నాయి.

షరతు రాసివ్వడం గురించి ముందు మాట్లాడుకుందాం, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. దాత ఫలానా పనికని చెప్పి ఇచ్చిన డబ్బును అక్కడి చారిటీలు 'రిస్ట్రిక్టెడ్ ఫండ్' కింద విడిగా లెక్కరాసి, ఆ పనికే ఖర్చుపెట్టాలి. కాగితం మీద గట్టి రక్షణే. కానీ ఒక సంస్థ వచ్చే ఏడాది రక్త నమూనాల అధ్యయనానికి 50,000, ఎలుకల ప్రాజెక్టుకు 80,000 పెట్టాలని ముందే తీర్మానించుకుందనుకోండి. మీరు 1,200 ఇచ్చి 'రక్త నమూనాలకే' అన్నారు. ఆ అధ్యయనానికి సాధారణ నిధి నుంచి ఇక 48,800 వేస్తే చాలు. మిగిలిన 1,200 సాధారణ నిధిలోనే ఉంది, ఎలుకల ప్రాజెక్టుకు వెళ్లినా అడిగేవాళ్లు లేరు. మీకిచ్చిన మాట తప్పలేదు, రసీదు సక్రమమే. కాలువలు వేరైనా చెరువు ఒక్కటే.

షరతు నిజంగా పనిచేసే చోటు ఒకటుంది: విరాళాలు రాకపోతే అసలు మొదలే కాని పని. ఆసుపత్రి అనుబంధ చారిటీ ఒక పరికరం కోసం ప్రత్యేకంగా చేసే విజ్ఞప్తి అలాంటిదే, ఆ డబ్బు లేకపోతే ఆ పరికరం రాదు. వందల ప్రాజెక్టులు నడిపే పెద్ద సంస్థకు వెయ్యి పౌండ్ల షరతు పెట్టడం మాత్రం మన మనసుకు ఊరట, అంతే. అందుకే నా సలహా సూటిగా ఇదీ: మీ ఇంట్లో అభ్యంతరం గట్టిదైతే ఉత్తరంలో వాక్యం కాదు, డబ్బు అందుకునే సంస్థనే మార్చండి.

మార్చితే పన్ను నష్టం లేదు. గిఫ్ట్ ఎయిడ్‌కు చారిటీ ఏ పని చేస్తుందో పట్టదు, అది బ్రిటన్‌లో గుర్తింపు పొందిందా లేదా అన్నదే లెక్క. పూర్తిగా ఆపేస్తే మాత్రం పోయేది చిన్న మొత్తం కాదు, ఈ లెక్క చూడండి. స్నేహితుల 300 పక్కన పెడితే మీ సొంత డబ్బు ఏడాదికి 480, సంవత్సరీకానికి 1,200, వెరసి 1,680. దాని మీద చారిటీ నాలుగోవంతు అదనంగా, అంటే 420, ప్రభుత్వం నుంచి తెచ్చుకుంటుంది. సంస్థకు చేరేది 2,100. మీరు 40 శాతం పన్ను పరిధిలో ఉన్నారు కాబట్టి ఆ 2,100 మీద 20 శాతం, మరో 420, మీరు వెనక్కి అడగొచ్చు. అక్కడితో అయిపోలేదు. చైల్డ్ బెనిఫిట్ మీద వేసే ఛార్జీ, ఆదాయం 60,000 దాటాక ప్రతి 200 పౌండ్లకు ఆ బెనిఫిట్‌లో ఒక శాతం. 62,000 అంటే మీ బెనిఫిట్‌లో 10 శాతం వెనక్కి కట్టాలి. 2025-26 రేట్ల ప్రకారం ఇద్దరు పిల్లలకు ఏడాదికి సుమారు 2,250, దానిలో పదిశాతం 225. ఈ లెక్కకు చూసే ఆదాయంలోంచి గిఫ్ట్ ఎయిడ్ విరాళాన్ని 2,100గానే తీసేస్తారు. 62,000 కాస్తా 59,900 అవుతుంది, ఛార్జీ సున్నా. మీ జేబులోంచి చివరికి పోయేది 1,680 మైనస్ 645, అంటే 1,035 పౌండ్లు.

అయితే ఈ లెక్క తప్పడానికి నాలుగైదు సందులున్నాయి. మొదటిది, స్నేహితుల 300. అవి మీ ఖాతాలో వేసుకుని మీ విరాళంగా చూపకూడదు, దాతలు వాళ్లు. ఒక్కొక్కరు తమ పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ రాసి, పన్ను కడుతున్నామంటూ గిఫ్ట్ ఎయిడ్ డిక్లరేషన్ ఇస్తే వాళ్ల డబ్బు మీదా 75 పౌండ్లు సంస్థకు చేరతాయి. లేదంటే గిఫ్ట్ ఎయిడ్ లేకుండా 300గానే ఇచ్చేయండి. మన సంఘాల పండగ వసూళ్లలో కూడా సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తారు. రెండోది, మీ ఆవిడ పేరిట డిక్లరేషన్ వద్దు. ఆవిడకు ఆదాయపు పన్ను లేదు కాబట్టి చారిటీ తెచ్చుకున్న సొమ్మును బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ఆవిడనే కట్టమంటుంది. మూడోది, పాత సంస్థకు ఇచ్చిన డిక్లరేషన్ కొత్త సంస్థకు చెల్లదు, మళ్లీ ఇవ్వాలి. ఇది మరిచిపోయి రిటర్న్‌లో క్లెయిమ్ చేసేవాళ్లు చాలామంది. నాలుగోది, సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారంలో గిఫ్ట్ ఎయిడ్ గడిలో మీరిచ్చిన 1,680 మాత్రమే రాయాలి. 2,100 రాస్తే దాని మీద వాళ్లు మళ్లీ నాలుగోవంతు కలుపుతారు.

తేదీ కూడా చూసుకోండి. పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ముగుస్తుంది. మార్చి దాటిపోయినా కంగారు పడొద్దు, రిటర్న్ వేసేలోపు ఇచ్చిన విరాళాన్ని ముందటి ఏడాది కింద చూపుకునే వీలుంది, జనవరి 31 లోపు వేసే అసలు రిటర్న్‌లోనే అడగాలి. ఇన్నేళ్లుగా నెలకు 40 ఇస్తూ 40 శాతం పరిధిలోనే ఉండి ఒక్కసారీ క్లెయిమ్ చేయకపోతే, గత నాలుగు పన్ను సంవత్సరాలది ఇప్పుడు అడగొచ్చు. ఏడాదికి 120 చొప్పున వస్తుంది. కోపంలో డైరెక్ట్ డెబిట్ రద్దు చేసే ముందు ఆ రసీదులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. రద్దును మీ బ్యాంకు యాప్‌లోనే చేయొచ్చు, తీసుకునే తేదీకి కనీసం ఒక పనిదినం ముందు. సంస్థకు కూడా ఒక మెయిల్ పెట్టండి, లేకపోతే బ్యాంకు పొరపాటనుకుని ఫోన్లు చేస్తారు.

ఎవరికి మార్చాలి? పరిశోధనే కావాలి, జంతువులు వద్దు అంటే ఎనిమల్ ఫ్రీ రీసెర్చ్ యూకే ఉంది. 1970లో డాక్టర్ హ్యాడ్వెన్ ట్రస్ట్‌గా మొదలైన సంస్థ ఇది. మనుషుల కణాలు, కణజాలంతో జరిగే పరిశోధనకు గ్రాంట్లు ఇస్తుంది. పరిశోధన కాకుండా రోగులకు తోడుగా ఉండాలనుకుంటే మాక్మిలన్ కాన్సర్ సపోర్ట్ ఉంది, మీ ఊళ్లోనే సూ రైడర్ వాళ్ల హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) ఉంది. ఎవరికిచ్చినా ముందు ఒక మెయిల్‌లో మూడు విషయాలు అడగండి: మీరు పరిశోధన గ్రాంట్లు ఇస్తారా, వాటిలో జంతువులు వాడే ప్రాజెక్టులు ఉన్నాయా, భవిష్యత్తులో ఇవ్వకూడదన్న లిఖితపూర్వక విధానం ఉందా? 'ప్రస్తుతానికి లేవు' అన్న జవాబుకూ 'మా విధానం ప్రకారం ఇవ్వం' అన్నదానికీ చాలా తేడా ఉంది. చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో వాళ్ల వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది, గ్రాంట్ల వివరం చూడండి. బ్రిటన్ హోం శాఖ, అంటే హోం ఆఫీస్, లైసెన్సిచ్చిన ప్రతి జంతు ప్రయోగ ప్రాజెక్టు సారాంశాన్ని ప్రచురిస్తుంది, ఏ జంతువులు, ఎన్ని, ఎంత బాధ అన్నది అందులో ఉంటుంది. కానీ ప్రయోగశాల పేరు ఉండదు, కాబట్టి మీ పౌండు ఎటు పోయిందో దాన్నిబట్టి పట్టుకోలేరు.

జంతు ప్రయోగాలకు వ్యతిరేకంగా ప్రచారం చేసే సంఘాలకు ఇవ్వాలనిపిస్తే రిజిస్ట్రేషన్ చూడకుండా ఇవ్వకండి. నేషనల్ యాంటీ వివిసెక్షన్ సొసైటీ పన్ను మినహాయింపు కోసం కోర్టుకెక్కితే, 1947లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది: చట్టం మార్పించడం రాజకీయ లక్ష్యం, పైగా వైద్య పరిశోధనకు కలిగే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, అందుకే ఇది చారిటీ కాదని తేల్చింది. చారిటీ కాని సంఘానికి ఇస్తే గిఫ్ట్ ఎయిడ్ రాదు, మీ 645 కూడా రావు. కొన్ని సంఘాలకు ప్రచార విభాగం ఒకటి, ట్రస్టు ఒకటి వేరువేరుగా ఉంటాయి, ట్రస్టుకు చారిటీ నంబరు ఉందో లేదో చూసుకోండి.

మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన మాట ఇంకొకటి. హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే) రొమ్ము కాన్సర్‌కు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ మందు, ఎలుక యాంటీబాడీని మనిషి శరీరానికి సరిపడేలా మార్చి చేసినదే. రోగుల సేవకు ఇచ్చిన డబ్బు కొత్త ప్రయోగానికి పోదు, కానీ ఆ రోగికి ఎక్కించే మందు వెనక జంతువులు ఉంటాయి. ఇకపై జరిగే ప్రయోగాలకు డబ్బివ్వం అన్నంతవరకే మీ గీత అయితే పైన చెప్పిన సంస్థలన్నీ సరిపోతాయి.

హైదరాబాద్ సంగతి. భారతీయ ట్రస్టుకు నేరుగా ఇస్తే గిఫ్ట్ ఎయిడ్ రాదు, 1,200 ఇస్తే 1,200 విలువే చేరుతుంది. మన దేశంలో పనిచేసే బ్రిటిష్ రిజిస్టర్డ్ చారిటీ ద్వారా ఇస్తే వాళ్ల చేతికి 1,500 వస్తుంది. అక్కడి ఆసుపత్రికీ పరిశోధన విభాగం ఉండొచ్చు, అవే మూడు ప్రశ్నలు అడగాలి. జంతు పరిశోధన హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు, భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వారి జంతు వనరుల కేంద్రం జీనోమ్ వ్యాలీలోనే ఉంది. ఇండియాలో విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు (80జి) మీకు అక్కరకొచ్చేది ఇండియాలో అద్దెలాంటి ఆదాయం ఉండి, పాత పన్ను విధానంలో రిటర్న్ వేస్తేనే.

అసలు చిక్కు పాస్‌పోర్టులో ఉంది. మీరు బ్రిటిష్ పౌరులు కాబట్టి విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా, ఇండియాలోని ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టే తీసుకోవాలి, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని దాని ప్రత్యేక ఖాతాకే పంపాలి. స్థానిక ఖాతా నంబరు పంపి 'ఇందులో వేసేయండి' అంటే వేయకండి, ఇబ్బందిలో పడేది ట్రస్టే. మీ ఆవిడ భారతీయ పౌరురాలు కాబట్టి ఆవిడ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ట్రస్టు పాస్‌పోర్టు కాపీ అడుగుతుంది, ఇవ్వండి. మీ 1,200ను ఆవిడ ఖాతాలో వేసి అక్కడి నుంచి పంపించే ఆలోచన మాత్రం వద్దు, అది ఆవిడ పొదుపు కాదు. ఆవిడ ఉద్యోగం చేసిన రోజుల్లో దాచుకున్న సొమ్ము ఉంటే ఆ మేరకు ఆవిడ హైదరాబాద్‌కు పంపుకోవచ్చు. మీ 1,200 రెడింగ్ నుంచి బ్రిటిష్ చారిటీకే వెళ్లాలి.