బిషప్ అజరయ్య తెలుగువారేనా? దోర్నకల్‌లో ఆయన ఏం చేశారు, ఏం రాశారు?

మీ అమ్మాయికి స్కూల్ ప్రాజెక్టులో బిషప్ అజరయ్య గురించి రాయమన్నారని, ఆయన తెలుగువారేనా, పుస్తకాలేమైనా రాశారా అని మీరు అడిగారు. ఇల్లెందు వైపు పల్లెలో పుట్టి, ఆయన పేరు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చిన్నప్పుడు నేనూ తెలుగాయనే అనుకున్నాను. రామయ్య, వెంకయ్య, పుల్లయ్య, అజరయ్య. మా గుడిలో (చర్చిని మా ఇంట్లో గుడి అనే అంటాం) ముసలివాళ్లు ఆ పేరు ఎంత మామూలుగా తలుచుకునేవారంటే, పక్క ఊరి పెద్దమనిషెవరో అనిపించేది. తీరా అది బైబిల్లోని హీబ్రూ పేరు, మనిషేమో తమిళుడు!

పూర్తి పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి నాడార్ కులంలో పుట్టి, క్రైస్తవం పుచ్చుకుని, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి శాఖ) పాదిరి అయ్యారు. కొడుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. తర్వాత వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో పనిచేస్తూ పద్నాలుగేళ్లు ఊళ్లు తిరిగారు. ఈ భాగం ప్రాజెక్టులో నాలుగు లైన్లు చాలు.

అసలు కథ 1902లో మొదలవుతుంది. ఆ ఏడాది శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో బయటి ఊళ్లకు మనుషుల్ని పంపడం చూశారు. మన దగ్గర ఇంత పాత క్రైస్తవ సంఘాలుండి, ఇంకా తెల్లవాళ్లు పంపే డబ్బు మీదే ఆధారపడ్డామేమిటని ఆయనకు గుచ్చుకుంది. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో మిత్రులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. డబ్బు వాళ్లదే, మనుషులూ వాళ్లవాళ్లే. వాళ్లు పనికి ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని దోర్నకల్. 1909లో పాదిరిగా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలేసి, ఆయనే అక్కడికి వచ్చేశారు. ముప్పై అయిదేళ్ల వయసులో, భార్య అన్బు మరియమ్మాళ్, పిల్లలతో. వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. ఆ వయసులో మనం పక్క రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ అంటేనే టెన్షన్ పడతాం.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వందల మంది తెల్లవాళ్ల మధ్య ఆసియావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అజరయ్య లేచి ఇంగ్లీషులో మెత్తగానే మాట్లాడారు, కానీ మాట చురుక్కుమంది. మీలో చాలామంది మమ్మల్ని పైనుంచి చూసి దయ తలుస్తారు తప్ప సాటి మనుషులుగా చూడరన్నారు. చివర్లో, బీదలకు మీ ఆస్తులిచ్చారు, మీ ఒంటినే కాల్చుకోవడానికి ఇచ్చారు, మేము అడుగుతున్నది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో కొందరు మొహాలు మాడ్చుకున్నారట. ఆ ప్రసంగాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా గుర్తుచేసుకుంటారు.

రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. నల్లవాడి కింద పనిచేయాలా అని గొణిగిన మిషనరీలున్నారు, మనవాళ్లలోనూ ఒప్పుకోనివాళ్లున్నారు. గట్టిగా వెనక నిలబడింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. ఈయన కూడా రచయితే. మన పోచమ్మ, ఎల్లమ్మ లాంటి గ్రామదేవతల మీద 1916లో పుస్తకం రాశారు. తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు సొంత అన్న. ఆయనా అజరయ్యా కలిసి మన పల్లెల్లో క్రైస్తవం మీద 1930లో ఒక పుస్తకం తెచ్చారు.

మొదట దోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్ చూసుకునే ప్రాంతం) చాలా చిన్నది. 1920ల మొదట్లో కృష్ణా, కర్నూలు, కడప వైపు మిషన్లు కూడా కలిశాయి. ఎడ్ల బండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగేవారు. జనం ‘తండ్రిగారు’ అని పిలిచేవారు. సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ పల్లెలవాళ్లు. 1941 నాటికి ఆ మండలంలో ఆంగ్లికన్ క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్లూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ‘అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ’ అనాలి. అంటే పని పాదిరిది మాత్రమే కాదు, నీది కూడా అని. దోర్నకల్‌లో పాదిరి చదువుకు వచ్చినవాళ్ల భార్యలకూ చదువు చెప్పేవారు. అందులో అన్బు అమ్మగారి చెయ్యి పెద్దది.

ఇక పుస్తకాలు. బాప్తిస్మం మీద, విశ్రాంతిదినం మీద, సంఘ చరిత్ర మీద చిన్న చిన్న పుస్తకాలు చాలానే రాశారు. ఒక్కటే చదవగలిగితే ‘క్రిస్టియన్ గివింగ్’ చదవండి. కానుక ఇవ్వడం గురించి బైబిల్ ఏమంటుందో పాత నిబంధన నుంచి పట్టుకొచ్చి, బీద సంఘం కూడా తన కాళ్ల మీద తాను నిలబడాలని చెప్పే పుస్తకం. ఆయన పోయాక చాలా భాషల్లోకి వెళ్లింది.

నాకు ఆ పుస్తకం చదవకముందే దాని సంగతి తెలుసు. మా నాయనమ్మ కూలికి పోయేది. రాత్రి ఎసరు పెట్టి, చాటలో బియ్యం ఏరి, కడిగేముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న పాత హార్లిక్స్ సీసాలో వేసేది. ప్రతి రాత్రీ అంతే. ఆదివారం ఆ సీసా కొంగులో పెట్టుకుని గుడికి తెచ్చి, బల్ల దగ్గర గంపలో వంచేది. ఒక వానాకాలం పనుల్లేక ఇంట్లో నూకలు కలిపి వండుకుంటున్నాం. ఆమె చెయ్యి సీసా వైపు పోగానే నాకు ఒళ్లు మండింది. ‘మనకే లేవు, గుడికెందుకే?’ అన్నాను. ఆమె నా వైపు చూడనైనా లేదు. ‘మనం ఇచ్చేటోళ్లం రా, అడుక్కునేటోళ్లం కాదు’ అని మూత పెట్టేసింది.

చాలా ఏళ్లకు ఆ పుస్తకం చదువుతుంటే ఎడిన్‌బరోలో అన్నదీ ఇక్కడ రాసిందీ ఒకే మాట అని తట్టింది. ఎప్పుడూ చెయ్యి చాచేవాడిని ఎవరూ స్నేహితుడు అనుకోరు కదా. కోత పండుగకు జనం వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు మోసుకొచ్చి బల్ల ముందు పెట్టడం, తర్వాత వేలం పాట, ఇదంతా మా చిన్నప్పుడు సరదా. దాని వెనక ఇంత ఆలోచన ఉందని అప్పుడు తెలియదు.

ప్రాజెక్టులో ఆయన్ని మరీ దేవుణ్ణి చేయనక్కర్లేదు. క్రమశిక్షణ విషయంలో కఠినుడు. పల్లెల్లో మతం మారడం గురించి గాంధీజీతో గట్టిగా విభేదించారు. గాంధీజీకి అది నచ్చలేదు, ఈయన తగ్గలేదు. అదే అజరయ్య, క్రైస్తవులకు విడిగా నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నారు. దక్షిణాది సంఘాలన్నీ ఒకటవ్వాలని జీవితమంతా పాటుపడ్డారు. అది 1947 సెప్టెంబరు 27న జరిగింది. ఆయన 1945 జనవరి 1నే దోర్నకల్‌లో కన్నుమూశారు. తమాషా ఏమిటంటే, ఆయన మండలంలోనే నంద్యాల వైపు చాలామంది ఆ ఐక్యతలో చేరలేదు.

వీలైతే అమ్మాయిని దోర్నకల్ తీసుకెళ్లండి. రైలు టైము తప్పుగా చూసుకుని (తప్పు నాదే) ఒకసారి జంక్షన్‌లో మూడు గంటలు చిక్కుకుపోయి, ఆ పెద్ద గుడికి నడిచాను. ఏళ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠ చేశారు. దూరం నుంచి గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదేమో అనిపిస్తుంది. లోపల రాతి స్తంభాలు అచ్చం మన దేవాలయం మండపంలా ఉంటాయి. ఎర్రటి ఎండలో వెళ్లి ఒక స్తంభానికి చెంప ఆనించాను, కుండలా చల్లగా ఉంది.

తాళం తీసిన పెద్దాయన ఏ ఊరు, ఎవరి తాలూకని అడిగి, ఆవరణలో తండ్రిగారి సమాధి చూపించారు. బయల్దేరుతూ ఆయన చేతిలో వంద రూపాయలు పెట్టాను, టీ ఖర్చుకని. ఆయన ఆ నోటు పట్టుకుని లోపలికి వెళ్లారు. బీరువా తీసిన చప్పుడైంది. రసీదు పుస్తకం తెచ్చి, కార్బన్ పేపరు సర్దుకుని, మా ఊరి పేరు మళ్లీ అడిగి, నిదానంగా రాసి చింపి ఇచ్చారు.