293318625600 ఏ రకం సంఖ్య?

293318625600కి ఏదో ప్రత్యేకత ఉందని విన్నానని, అది ఏ కోవలోకి వస్తుందని అడిగారు. మన లెక్కలో ఇది 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600. నేను చెన్నై పెరంబూరులో హైస్కూల్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. కారణాంకాల పాఠం వచ్చిందంటే బోర్డు మీద ఈ సంఖ్య పడాల్సిందే, నాకు అంత ఇష్టం.

ముందు విడగొట్టి చూడండి: 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19. ఒక్కో ఘాతాంకానికి ఒకటి కలిపి గుణిస్తే భాజకాలు ఎన్నో వస్తుంది: 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5,040. "ఒకటి ఎందుకు కలపాలి సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. భాజకంలో 2 అసలు లేకపోవచ్చు, ఒకసారి ఉండొచ్చు, అలా ఆరుసార్ల దాకా ఉండొచ్చు. మొత్తం ఏడు దారులు. లేకపోవడం కూడా ఒక దారే అని తట్టిందా, ఆ పిల్లలకి సూత్రం బట్టీ పట్టే పని ఉండదు.

అసలు విశేషం ఏమిటంటే, దీనికంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని భాజకాలు లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటినీ భాజకాల్లో దాటేసే సంఖ్యల్ని హైలీ కాంపోజిట్ నంబర్లు అంటారు. 12, 60, 360 కూడా ఆ జాతివే. మన మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్, 1914లో కేంబ్రిడ్జ్ వెళ్ళాక, 1915లో వీటి మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. అందులో 10,080 భాజకాలున్న సంఖ్య దాకా పట్టిక ఇచ్చారు. ఆ పట్టికలో తప్పిపోయిన ఒకే ఒక్క సంఖ్య మీరు అడిగిన ఇదే! కాలిక్యులేటర్లు, కంప్యూటర్లు లేని రోజుల్లో అంత దూరం వెళ్ళి ఒక్కటే తప్పిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఘాతాంకాల వరస చూడండి: 6, 4, 2, 2, 1, 1, 1, 1. ఎక్కడా పెరగదు, మధ్యలో ఏ ప్రధాన సంఖ్యా వదిలిపోలేదు. ఈ జాతి సంఖ్యలన్నిటికీ ఈ లక్షణం ఉంటుంది. ఇందులోంచి ఒక 3, ఒక 7 తీసేసి 23 పెట్టండి. 321253732800 వస్తుంది, భాజకాలు 5,376 అవుతాయి. వరసలో దీని తర్వాతది అదే.

మిగతా పేర్లు త్వరగా చెప్పేస్తాను. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే తనకంటే ఎక్కువ వస్తుంది, కాబట్టి అబండెంట్. 11 నుంచి 19 దాకా ప్రధాన సంఖ్యలు ఒక్కోసారే ఉన్నాయి కాబట్టి వర్గ సంఖ్య కాదు. అంకెల మొత్తం 45, అది దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది, అందుకని ఇది హర్షద్ సంఖ్య కూడా, ఆ పేరు పెట్టింది మన దేశపు గణితజ్ఞుడు కప్రేకర్. నేనైతే ఈ చివరిదానికి అంత విలువ ఇవ్వను. అది మనం పదుల పద్ధతిలో రాసుకోవడం వల్ల వచ్చింది. భాజకాలు 5,040 అన్నది మాత్రం ఏ పద్ధతిలో రాసినా మారదు.