నాయకత్వం పంచుకోవడమంటే పనులు పంచుకోవడమేనా?

కమిటీలు వేసి బాధ్యతలు అప్పగించినా నిర్ణయాలన్నీ ప్రధానోపాధ్యాయులే తీసుకుంటున్నారని, ఇలాంటి చోట ఉపాధ్యాయుల మధ్య నిజమైన సహకారం ఎలా సాధ్యమని మీరు అడిగారు. గణితం బోధిస్తూ, కొంతకాలం మా సబ్జెక్టు బృందాన్ని సమన్వయపరిచిన అనుభవంతో చెబుతున్నాను. మీరు వర్ణించినది పని విభజన మాత్రమే. నిర్ణయాధికారం కదలనంతవరకు దానిని ఉమ్మడి నాయకత్వం అనలేము.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో ప్రశ్నపత్రాల తయారీని బృందానికి అప్పగించి, తీరా మేము చర్చించి ఇచ్చిన పత్రాన్ని కారణం చెప్పకుండా మార్చేవారు. కొన్ని పరీక్షలు గడిచేసరికి చర్చ ఆగిపోయి, పాత పత్రాలనే అటూ ఇటూ మార్చి ఇవ్వడం అలవాటైంది. తర్వాత వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు చేసిన మార్పు పైకి చిన్నదే. ఏ విషయాలలో బృందం మాటే తుది నిర్ణయమో, ఏ విషయాలలో బృందం సలహా మాత్రమే ఇస్తుందో, ఏవి పూర్తిగా తన పరిధిలోనివో విద్యాసంవత్సరం మొదట్లోనే రాసి ఇచ్చి, సలహాను కాదన్నప్పుడు కారణం చెబుతానని మాట ఇచ్చారు. పాఠాల వరుస, యూనిట్ పరీక్షలు మా చేతికి వచ్చాయి. సెలవులు, సిబ్బందిపై ఫిర్యాదులు ఆమె వద్దే ఉన్నాయి. తల్లిదండ్రులకు, పై అధికారులకు జవాబు చెప్పుకోవలసినది ఆమే కనుక అందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం. అన్నిటినీ అందరూ కలిసి తేల్చాలనుకునే సిబ్బంది సమావేశాలు ఎంతసేపు సాగుతాయో చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక సమయం సంగతి. ఒకే సబ్జెక్టు వారందరికీ టైమ్‌టేబుల్‌లోనే ఉమ్మడి ఖాళీ పీరియడ్ లేకపోతే, బడి వదిలాక అలసిపోయి కూర్చునే సమావేశం మినిట్స్ పుస్తకం నింపడానికే పనికివస్తుంది. పైనుంచి ఆదేశించి జరిపించే ఇలాంటి సహకారం కృత్రిమమైనదని విద్యా పరిశోధకుడు ఆండీ హార్‌గ్రీవ్స్ 1990లలోనే విమర్శించారు.

ఆ పీరియడ్‌లో ఏం మాట్లాడుకుంటారన్నది అన్నిటికన్నా ముఖ్యం. జపాన్ ఉపాధ్యాయులు చాలాకాలంగా అనుసరిస్తున్న పాఠ అధ్యయన పద్ధతిని మేము వీలైనంత మేరకు ప్రయత్నించాము. పాఠాన్ని అందరూ కలిసి రూపొందిస్తారు, ఒకరు బోధిస్తారు, మిగిలినవారు బోధించేవారిని కాక పిల్లలను గమనిస్తారు, ఆ తర్వాత చర్చిస్తారు. పాఠం అందరిదీ కాబట్టి విమర్శ ఒకరి మీద పడదు. 1/2కు 1/3 కూడడాన్ని రెండు వృత్తాల బొమ్మలతో చూపినప్పుడు, రంగు వేసిన ముక్కలు 2, మొత్తం ముక్కలు 5 కనుక జవాబు 2/5 అని కొందరు పిల్లలు రాసుకోవడాన్ని మా అందరిలోకీ జూనియర్ అయిన ఉపాధ్యాయురాలు పట్టుకున్నారు. పొరపాటుకు మా బొమ్మే దారి తీసిందని, రెండు భిన్నాలనూ ఒకే పట్టీ మీద 6 సమాన భాగాలుగా చూపాలని ఆమె సూచించగా, సీనియర్లు కొంత ఇబ్బందిపడినా అంగీకరించారు. నాయకత్వం పదవిలో కాక వ్యక్తుల మధ్య జరిగే పనిలో ఉంటుందని జేమ్స్ స్పిల్లేన్ వంటి పరిశోధకులు చెప్పేది నాకు అక్కడే అర్థమైంది.

అందుచేత మీ ప్రధానోపాధ్యాయులను అన్ని అధికారాలూ అడగకండి. యూనిట్ పరీక్షల వంటి ఏదో ఒక అంశాన్ని ఒక టర్ము పాటు పూర్తిగా బృందానికి వదలమని, ఫలితానికి బృందమే జవాబుదారీగా ఉంటుందని రాతపూర్వకంగా కోరండి. ఒప్పుకోకపోయినా, ఒకరి తరగతిలో మరొకరు కూర్చోవడానికి ఇష్టపడే సహోపాధ్యాయులు ఒక్కరు దొరికితే పాఠ అధ్యయనం మొదలుపెట్టవచ్చు. మొదటి పరిశీలనకు మాత్రం మీ తరగతినే ఇవ్వండి.