గేర్ ఆయిల్ ఇంట్లో మార్చే ముందు పై ప్లగ్ కదులుతుందో లేదో చూడండి

2008 వ్యాగన్ఆర్, లక్ష కిలోమీటర్లు దాటింది, పొద్దున్నే రెండో గేరు పడనంటోంది, గేర్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చండి. నిరుడు మా పాత మారుతికి నేనే మార్చాను. కాకపోతే ఆదివారం రెండు గంటల్లో అయిపోతుందనుకున్న పని సోమవారం మధ్యాహ్నానికి తేలింది. తప్పు నాదే.

ముందు ఒకటి చూసుకోండి. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. అప్పుడు మెత్తగా పడి, స్టార్ట్ చేశాక మొండికేస్తుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో. మీ బండికి క్లచ్ కేబుల్ ఉంటుంది, దాన్ని సరిచేయిస్తే సరిపోవచ్చు. క్లచ్ తేడాగా ఉంటే ఎంత మంచి ఆయిల్ పోసినా దండగే.

ఇక నా సంగతి. మాది విశాఖలో పెదవాల్తేరు. సముద్రపు గాలికి బండి కింద తుప్పు పట్టని బోల్టు ఉండదు. గేర్‌బాక్సుకి రెండు ప్లగ్గులు: కిందది ఆయిల్ దించడానికి, పక్కన కాస్త పైన ఉండేది పోయడానికి. కిందది సులువుగా వచ్చేసింది. నల్లటి ఆయిల్ ట్రేలోకి ధారగా దిగుతుంటే భలే సంబరపడ్డాను. తర్వాత పైదాని మీద పడితే కదల్లేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టి, అరగంట ఆగి, పానాకి ఇనప గొట్టం తొడిగి లాగాను. పానా జారి ప్లగ్ అంచులు నలిగాయి, నా వేళ్లు చెక్కుకుపోయాయి. సెల్లార్‌లో బండి, అందులో చుక్క ఆయిల్ లేదు, నడిపి ఎక్కడికీ తీసుకెళ్లలేను.

మర్నాడు బతిమాలితే మెకానిక్ వచ్చాడు. బండి కిందికి దూరి చూసి, ‘ఏటి సార్, పైది ఇప్పకుండా కిందది ఎలా ఇప్పేశారు?’ అన్నాడు. ప్లగ్ తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, బిగువుగా పట్టే సాకెట్ తొడిగి ఒక్క ఊపు ఊపితే టక్కుమని వదిలింది. స్పీడోమీటర్ కేబుల్ దిగే చోటి నుంచి పోసే దారీ ఉంది గానీ, లెవెల్ చూడాలంటే మళ్లీ ఆ ప్లగ్గే దిక్కు. అందుకే పైది వదిలాకే కిందదాని మీద చెయ్యి వెయ్యండి. పైది రాలేదా, ఏమీ ఇప్పకుండా బండిని మెకానిక్ దగ్గరికి నడిపించుకెళ్లండి, పరువైనా దక్కుతుంది.

మా బండి పుస్తకంలో 75డబ్ల్యూ-90 (ఆయిల్ చిక్కదనం), జీఎల్-4 (ఆయిల్ రకం) అని ఉంది. మీ పుస్తకం చూసి అదే అడగండి. షాపువాళ్లు ‘జీఎల్-5 ఇంకా మంచిది సార్’ అంటారు, వినకండి. అందులోని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు, అంటే గేరు మార్చేటప్పుడు తిరిగే భాగాల వేగాలను కలిపే రింగులకు, పడకపోవచ్చు, పైగా జారుడు ఎక్కువై గేరు ఇంకా సరిగా పడకపోవచ్చు.

బండి కాసేపు తిప్పి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. ఇటుకలు అసలు వద్దు. పోసేటప్పుడు మాత్రం బండి నాలుగు వైపులా సమంగా ఉండాలి, ముందు భాగం ఒక్కటే లేచి ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుంది. మన ఊరి ఏటవాలు వీధుల్లో ఈ పని పెట్టుకోకండి. కొత్త డబ్బా కాసేపు ఎండలో పెడితే ఆయిల్ పలచబడుతుంది. గరాటుకి పొడవాటి ట్యూబు తగిలించి బానెట్ పైనుంచి పోశాను. రెండు లీటర్లు దాటాక పై రంధ్రం అంచు నుంచి కారడం మొదలైంది, అదే లెవెల్. ప్లగ్గులు బిగించేటప్పుడు బలం చూపించకండి, బాక్సు అల్యూమినియంది, మరలు పోతాయి.

కింది ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడిచి చూడండి. బూడిద రంగు ముద్ద మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం బాక్సు ఇప్పించాలి. నాకు ముద్దే వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే రెండో గేరు బాగానే పడుతోంది. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు మాత్రం ఇంకా కాస్త గరగరమంటుంది, అది సింక్రోల అరుగుదల, ఆయిల్‌తో పోదు. పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి గాజువాక ఆటోనగర్‌లో వేస్ట్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేశాను. కాలవలో మాత్రం పొయ్యకండి, మన గెడ్డలు కలిసేది సముద్రంలోనే.